బెంగళూరు ఇంట్లో రీసైక్లింగ్‌ను రోజువారీ అలవాటుగా చేసుకోవడం ఎలా

ఒక పాల కవరు రీసైక్లింగ్‌కు వెళుతుందా, ఊరి బయట ఏదో క్వారీ గుంటలో పూడిపోతుందా అన్నది దాన్ని మీరు చేతిలోంచి వదిలే క్షణంలోనే తేలిపోతుంది. సాంబారు, టీ పొడి, అన్నం మెతుకులు అంటుకున్న కాగితాన్ని ఆ తరువాత ఏ కేంద్రంలోనూ ఎవరూ కడిగి బాగుచేయలేరు. రీసైక్లింగ్ అంటే ఎక్కడో ఫ్యాక్టరీలో యంత్రాలు చేసే పని అని మనలో చాలామంది అనుకుంటాము. కానీ ఆ ఫ్యాక్టరీకి పనికివచ్చే సరుకు తయారయ్యేది మన వంటగదిలోనే. అందువల్ల ఈ అలవాటును వంటగదిలోనే, రోజూ చేసే పనులకు ఆనుకునేటట్టుగా ఎలా ఏర్పరచుకోవాలో ఒక్కొక్క మెట్టుగా చెబుతాను.

బెంగళూరులో ఉండేవారికి ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. ఈ నగరం చెత్తను ఏళ్ల తరబడి భరించిన మావళ్లిపుర గ్రామస్థులు ఎదురుతిరగడంతో 2012లో అక్కడి డంపింగ్ ఆగింది. భారమంతా మండూరు మీద పడగా అక్కడి ప్రజలు కూడా పోరాడి, 2014 చివరికి లారీల రాకను ఆపించుకున్నారు. మనం తిరుపతికి వెళ్లేటప్పుడు దాటిపోయే హొసకోటె దారికి ఆ ఊరు ఎంతో దూరం కాదు. ఆ తరువాత 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ప్రతి ఇంట్లోనూ చెత్తను వేరు చేసి తీరాలని ఆదేశించింది, రెండు బుట్టలు, ఒక సంచి అనే పద్ధతి అప్పుడే నగరమంతటికీ నియమమైంది. కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా ఈ బాధ్యతను ఇంటివారి మీదనే పెట్టాయి. 2025లో నగరమంతటికీ ఒకటిగా ఉన్న పాలక సంస్థ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు నగరపాలక సంస్థలు వచ్చినా, ఇంట్లో మనం చేయవలసిన పని మాత్రం మారలేదు.

బుట్టలు ఎక్కడ పెట్టాలి

మొదటగా ఆకుపచ్చ బుట్ట ఒకటి, ఎర్ర బుట్ట ఒకటి, గట్టి సంచి ఒకటి సమకూర్చుకోండి. ఆకుపచ్చ బుట్ట తడి చెత్తకు, ఎర్ర బుట్ట రీసైక్లింగ్‌కు గానీ ఎరువుకు గానీ పనికిరాని చెత్తకు, సంచి పొడి చెత్తకు. కొత్తగా కొనవలసిన అవసరం కూడా లేదు. పాత పెయింటు డబ్బా, బియ్యం వచ్చిన ఇరవై ఐదు కిలోల సంచి చక్కగా సరిపోతాయి. బియ్యం సంచిని నిలబెట్టి, అంచును బయటికి రెండు మడతలు వేస్తే నోరు తెరుచుకునే ఉంటుంది.

అలవాటు నిలిచేదీ, నిలవనిదీ ఎక్కువగా వీటిని పెట్టే చోటును బట్టే ఉంటుందని నా అభిప్రాయం. తడి చెత్త బుట్ట కూరగాయలు తరిగే చోటికి చేయి చాచే దూరంలో ఉండాలి. పొడి చెత్త సంచి వంటగదిలో కాకుండా యుటిలిటీలోనో బాల్కనీలోనో, తేమ తగలని చోట ఉండాలి. ఎర్ర బుట్ట స్నానాల గది దగ్గర ఉండాలి, ఎందుకంటే అందులో పడే వస్తువులలో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. మూడింటినీ ఒకే మూలన పక్కపక్కన పేర్చితే చూడడానికి బాగుంటుంది గానీ, తొందరలో ఉన్న మనిషి ఏది దగ్గరగా ఉంటే అందులో వేసేస్తాడు. హాల్లోనూ పడకగదిలోనూ విడివిడిగా చిన్న చెత్తబుట్టలు ఉన్నట్లయితే వాటిని తీసివేయండి. ఏది పడితే అది కలిసిపోయేది ముఖ్యంగా ఆ బుట్టలలోనే.

తడి చెత్త బుట్ట లోపల ప్లాస్టిక్ కవరు వేయకూడదు. దినపత్రిక పెద్ద కాగితాలు రెండింటిని ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా పరిచి బుట్టలోకి నొక్కి, అంచులను బయటికి మడవండి. అడుగున మరొక కాగితాన్ని నాలుగు మడతలుగా చేసి వేస్తే కారిన నీటిని అది పీల్చుకుంటుంది. కూరగాయల తొక్కలు నీళ్లు ఓడుతూ ఉంటే సింకులో జల్లెడలో కాసేపు ఉంచి, తరువాత వేయండి. ఇలా చేస్తే మరునాడు ఉదయం బుట్టను వంచగానే అంతా ఒక్క ముద్దగా జారిపోతుంది, వాసన కూడా చాలావరకు ఉండదు.

కడగడం, ఆరబెట్టడం

ఈ వ్యాసంలో మీరు ఒక్క మెట్టు మాత్రమే పాటించగలిగితే ఇది పాటించండి. పొడి చెత్త నిజంగా పొడిగా ఉండాలి.

పాల కవరు సంగతి చూద్దాం. నందిని పాల కవరు మూలను మనం కత్తెరతో కత్తిరించి, ఆ చిన్న ముక్కను సింకు గట్టు మీద వదిలేస్తాము. గోరంత ఉన్న ఆ ముక్కను ఏరేవారు ఉండరు. అది కాలువలోకో, తడి చెత్తతో పాటు ఎరువులోకో చేరి మట్టిలో మిగిలిపోతుంది. అందుకని మూలను పూర్తిగా తెంచకుండా, కొద్దిగా అతుక్కుని ఉండేటట్లు కత్తిరించండి. పాలు వంపిన తరువాత కవరులో అర గ్లాసు నీళ్లు పోసి, మూలను వేళ్లతో పట్టుకుని గిలకరించి, ఆ నీటిని తులసికుండీలోనో కరివేపాకు మొక్కకో పోయండి. తరువాత అడుగు అంచును కూడా కత్తిరించి, కవరును గొట్టంలా తెరిచి, బట్టలు ఆరవేసే తీగకు క్లిప్పుతో తగిలించండి. సాయంత్రానికి ఆరిపోతుంది. ఆరిన కవర్లను ఒకదాని మీద ఒకటి బల్లపరుపుగా పేర్చితే నెల రోజుల కవర్లు కూడా ఒక పుస్తకమంత చోటులో ఇమిడిపోతాయి. పాత సామాను దుకాణాల వాళ్లు శుభ్రమైన పాల కవర్లను విడిగా లెక్కగట్టి కొంటారు, ఎందుకంటే అవన్నీ ఒకే రకం పాలిథీన్. అదే కవరు లోపల పాలు పులిసి, పురుగు పట్టి ఉంటే దాన్ని ముట్టుకునేవారు ఉండరు.

నీటి సంగతి అడిగేవారు ఉంటారు, అడగవలసిందే. 2024 వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన నగరం ఇది. కవర్లనూ డబ్బాలనూ మంచినీళ్లతో కడగవలసిన పని లేదు. గిన్నెలు తోమిన తరువాత మిగిలే రెండవ కడుగునీరు, బియ్యం కడిగిన నీరు చాలు. మెరిసేటట్లు రుద్దడం కూడా అవసరం లేదు. ఆహారం అంటుకుని ఉండకూడదు, తడి ఉండకూడదు, అంతే.

నూనె ప్యాకెట్లను ఖాళీ చేసిన తరువాత నూనె గిన్నె మీదనే అరగంట తలకిందులుగా నిలబెట్టండి. తరువాత లోపలికి కొద్దిగా గోధుమపిండి వేసి నలిపితే మిగిలిన జిడ్డంతా పిండికి పడుతుంది, ఆ పిండి చపాతీలలోకి వెళ్లిపోతుంది. అప్పుడు సబ్బునీటితో ఒకసారి కడిగితే చాలు. హోటలు నుంచి పార్సిల్ వచ్చే నల్లని, తెల్లని డబ్బాలను తిన్న వెంటనే కడగాలి. రాత్రంతా వదిలేస్తే బిర్యానీ నూనె గట్టిపడి, మరునాడు కడగడానికి మూడింతల నీరు పడుతుంది. నా మట్టుకు నేను ఇంట్లో తినేటప్పుడు ఆర్డరుతో పాటు చెంచాలు, సాస్ ప్యాకెట్లు పంపవద్దని చెప్పడమే వాటిని కడగడం కంటే మేలైన పని అంటాను.

సంచిలోకి ఏవి వెళ్లాలి, ఏవి వెళ్లకూడదు

దినపత్రికలు, పుస్తకాలు, అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు, షాంపూ డబ్బాలు, పాల కవర్లు, ఇనుము, అల్యూమినియం, గాజు ఇవన్నీ ఎటువంటి సందేహం లేకుండా సంచిలోకి వెళ్లేవే. అట్టపెట్టెల టేపు ఊడదీసి, మడతలు విప్పి చదును చేయండి. ప్లాస్టిక్ సీసాల అడుగున త్రికోణంలో ఉండే అంకెలలో 1, 2, 5 ఉన్నవాటికి కొనేవారు సులభంగా దొరుకుతారు. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడితే, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే విద్యుత్తులో దాదాపు 95 శాతం ఆదా అవుతుంది. కూల్‌డ్రింకు క్యాను ఒక్కటే అయినా సంచిలో వేయమనేది అందుకే.

పండ్లరసం, పాలు వచ్చే అట్టపెట్టెలలో కాగితం, పాలిథీన్, అల్యూమినియం పొరలు కలిసి ఉంటాయి. వాటిని విడదీసే కర్మాగారాలు ఉన్నాయి గనుక కడిగి, నలిపి, పొడి చెత్తలోనే వేయాలి. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ కవర్లు మాత్రం చాలావరకు రీసైకిల్ కావు. పలు పొరలు అతికిన ఆ కవర్లు సాధారణంగా సిమెంటు కర్మాగారాలలో బొగ్గుకు బదులుగా మండించడానికి వెళతాయి. అయినా వాటిని పొడి చెత్తలోనే ఇవ్వండి, వీధిలో పడితే వానాకాలంలో కాలువలకు అడ్డుపడేవి అవే.

ఏటీఎం చీటీలు, సూపర్‌మార్కెట్ బిల్లులు వేడితో అచ్చయ్యే పూత కాగితం మీద ఉంటాయి. వాటిని మామూలు కాగితంతో కలపకూడదు, ఎర్ర బుట్టలో వేయాలి. నూనె ఇంకిపోయిన పిజ్జా పెట్టెలో శుభ్రంగా ఉన్న మూతను చించి సంచిలో వేసి, జిడ్డు పట్టిన అడుగును ముక్కలు చేసి తడి చెత్తలో కలపండి. పగిలిన గాజును మాత్రం ఎప్పుడూ విడిగా సంచిలో వదలవద్దు. మందపాటి కాగితంలో చుట్టి, దారం కట్టి, పైన పెన్నుతో ‘గాజు’ అని రాయండి, కన్నడలోనూ ‘గాజు’ అనే అంటారు గనుక తీసుకునేవారికి అర్థమవుతుంది. ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెప్పండి.

ఎర్ర బుట్ట

శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, కట్టుకట్టిన గుడ్డలు, బ్యాండేజీలు, రాలిన జుట్టు, ఇల్లు ఊడ్చిన దుమ్ము ఇందులోకి వెళతాయి. ప్యాడ్లనూ డైపర్లనూ దినపత్రికలో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో పెద్ద గుర్తు వేయడం బెంగళూరులో పాటించే పద్ధతి. ఆ గుర్తు చూసి పౌరకార్మికులు, అంటే నగర పారిశుద్ధ్య కార్మికులు, ఆ పొట్లాన్ని విప్పకుండా పక్కన పెడతారు. ఇంటింటి చెత్తనూ చేతులతో వేరు చేసే ఆ కార్మికులలో చాలామంది చేతులకు సరైన తొడుగులు ఉండవు. నల్ల కవరులో ముడివేసి ఇచ్చిన చెత్తను వాళ్లు విప్పి చూడవలసి వస్తుంది, లోపల ఏమున్నదీ ముందుగా తెలియదు. ఎర్ర గుర్తు వేయడానికి మీకు రెండు క్షణాలు పడుతుంది. ఈ ఒక్క విషయంలో ఇంట్లో ఎవరికీ మినహాయింపు ఇవ్వవద్దని గట్టిగా కోరుతున్నాను.

ఇన్సులిన్ సూదులు, వాడిన బ్లేడులు ఏ బుట్టలోనూ విడిగా వేయకూడదు. గట్టి ప్లాస్టిక్ సీసాలో పోగుచేసి, మూత బిగించి, విడిగా అందజేయాలి. గడువు తీరిన మందులు, సీఎఫ్‌ఎల్ బల్బులు, దోమల మందు డబ్బాలు కూడా విడిగానే ఉంచాలి, సీఎఫ్‌ఎల్ బల్బులలో పాదరసం ఉంటుంది.

పాత ఫోన్లు, ఛార్జర్లు, రిమోట్లు, బ్యాటరీలకు అలమరలో ఒక అట్టపెట్టె కేటాయించండి. దాన్ని ఏడాదికి ఒకటి రెండుసార్లు అధీకృత ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగిస్తే సరిపోతుంది. తూకానికి కొనే దుకాణంలో నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చినా అక్కడ ఇవ్వవద్దు. వైర్లను కాల్చి రాగి, ఆమ్లాలలో ముంచి బంగారం తీసేవారి చేతికి అవి చేరితే ఆ పొగ పీల్చేది సాధారణంగా పేదల పిల్లలే. లిథియం బ్యాటరీల కొనలకు టేపు అంటించండి, చెత్త లారీలో నలిగినప్పుడు అవి అంటుకునే ప్రమాదం ఉంది.

రోజువారీ పనికి ముడిపెట్టడం

కొత్త పనికి కొత్త సమయం వెతికితే అది నాలుగు రోజులకు మించి సాగదు. ఇప్పటికే ఉన్న పనికి దాన్ని కలపండి. పాలు కాచేటప్పుడు కవరు కడగడం, రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు ఆరిన డబ్బాలను సంచిలోకి మార్చడం, ఉదయం గుమ్మం ముందు ముగ్గు వేయడానికి వెళ్లేటప్పుడు తడి చెత్త బుట్టను బయటికి తేవడం, ఇలా మూడు పనులు కుదిరితే చాలు. బెంగళూరులో చాలా ప్రాంతాలలో తడి చెత్తను ప్రతిరోజూ, పొడి చెత్తను వారంలో నిర్ణయించిన రోజులలో తీసుకుంటారు. మీ వీధికి ఏ రోజో చెత్త తీసుకువెళ్లే ఆటో నడిపే వ్యక్తిని అడిగి, ఫ్రిజ్ మీద రాసి అంటించండి. ‘హసి కస’ అంటే తడి చెత్త, ‘ఒణ కస’ అంటే పొడి చెత్త అని తెలిస్తే ఆ సంభాషణ తేలికవుతుంది.

ఇంట్లో పని చేసే అమ్మాయికి చెప్పేటప్పుడు ఆదేశంలా కాకుండా, ఒక రోజు పక్కన నిలబడి కలిసి చేయండి. ఆమె మరో నాలుగు ఇళ్లలో నాలుగు రకాల పద్ధతులు చూస్తూ ఉంటుంది, మీ ఇంటి పద్ధతి మాటల కంటే చూస్తేనే గుర్తుంటుంది. ఊరి నుంచి వచ్చిన అత్తగారికో అమ్మగారికో ఇదంతా కొత్త అనుకోవద్దు. తొక్కలు పశువులకు, పాత సీసాలు పప్పులకు, చిరిగిన చీరలు బొంతలకు వాడిన తరం వారిది. ఏది ఏ సంచిలోకో ఒకసారి చూపిస్తే చాలు, తరువాత మనవళ్లకు నేర్పేది వారే.

మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో నలుగురు కలిసి గది తీసుకున్నవారికి ఇబ్బంది వేరు. ఉదయం ఆటో వచ్చే వేళకు అందరూ నిద్రలో ఉంటారు. వారానికి ఒకరు చొప్పున వంతు పెట్టుకుని, ఆ వారం బుట్ట బాధ్యత అంతా ఒక్కరిదే అని నిర్ణయించుకోండి. అందరి బాధ్యత అన్నప్పుడు బుట్ట నిండిపోయి గుమ్మం పక్కకు చేరుతుంది. వేళకు ఎవరూ ఉండలేకపోతే పొడి చెత్తను పోగుచేసి, సెలవు రోజున మీ వార్డులోని పొడి చెత్త సేకరణ కేంద్రానికి స్వయంగా తీసుకువెళ్లండి. ఆ కేంద్రాలలో చాలావాటిని ఒకప్పుడు వీధుల్లో చెత్త ఏరుకున్నవారే నడుపుతున్నారు, హసిరు దళ వంటి సంస్థలు వారికి తోడ్పడుతున్నాయి. శుభ్రమైన సరుకు తెచ్చేవారిని అక్కడ ఆదరంగా చూస్తారు.

తడి చెత్తతో ఎరువు

ఇంటి చెత్తలో సాధారణంగా సగానికి పైగా తడి చెత్తే ఉంటుంది. బాల్కనీలో మూడు అడుగుల చోటు ఉంటే దాన్ని ఇంట్లోనే ఎరువుగా మార్చవచ్చు. మూత ఉన్న మట్టి కుండకో పాత బకెట్టుకో పక్కల చిన్న చిన్న చిల్లులు పెట్టించండి. అడుగున నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు గానీ కొబ్బరిపీచు పొడి గానీ పరచండి. ప్రతిరోజూ తొక్కలను చిన్న ముక్కలుగా వేసి, అంతే పరిమాణంలో పొడి ఆకులతో కప్పాలి. వారానికి ఒకసారి పుల్లమజ్జిగ చిలకరించి, రెండు మూడు రోజులకొకసారి కర్రతో తిరగవేయండి.

తేమ ఎంత ఉందో తెలుసుకోవడానికి గుప్పెడు తీసి పిండి చూడండి. ముద్దగా నిలిచి, వేళ్ల మధ్య నుంచి నీరు కారకపోతే సరిగ్గా ఉన్నట్లు. నీరు కారితే, దుర్వాసన వస్తే పొడి ఆకులు కలపాలి. చీమలు పడితే ఎండిపోయిందని అర్థం, కొద్దిగా నీళ్లు చల్లాలి. లోపల కదిలే లావుపాటి తెల్లని పురుగులను చూసి చాలామంది భయపడి మానేస్తారు. అవి సాధారణంగా నల్ల సిపాయి ఈగ పిల్లలు, తడి చెత్తను వేగంగా తినేసి ఎరువుకు సాయపడతాయి, మనకు హాని చేయవు. ఆవకాయ, ఊరగాయ అడుగు మిగిలినవి, ఎముకలు, కొబ్బరి చిప్పలు ఈ కుండలో వేయకండి. ఉప్పు మొక్కలకు చేటు, చిప్పలు ఏళ్ల తరబడి కరగవు. మామిడి టెంకలు కూడా నెమ్మదే, వేసవిలో వాటిని ఆటోకే ఇవ్వడం మంచిది. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన జల్లు పడని మూలకు కుండను జరపండి.

కుండ నిండిన తరువాత నలభై రోజుల నుంచి రెండు నెలల వరకు కదపకుండా ఉంచితే, నల్లగా, తొలకరి మట్టి వాసనతో ఎరువు సిద్ధమవుతుంది. ఒక వంతు ఎరువుకు మూడు వంతులు మట్టి కలిపి కుండీలలో వాడవచ్చు.

పులిహోరకూ పచ్చళ్లకూ పిండిన నిమ్మతొక్కలు ఎరువు కుండలో ఎక్కువ పడితే పులుపు పెరుగుతుంది. వాటికి వేరే దారి ఉంది. ఒక వంతు బెల్లం, మూడు వంతుల తొక్కలు, పది వంతుల నీరు ప్లాస్టిక్ సీసాలో పోసి మూడు నెలలు ఉంచితే నేల తుడవడానికి మంచి ద్రావణం తయారవుతుంది. మొదటి నెలలో రోజూ ఒకసారి మూత వదులు చేసి గాలిని వదలాలి, గాజు సీసా అయితే ఒత్తిడికి పగిలిపోవచ్చు.

పండుగ రోజుల్లో ఈ క్రమం తప్పే అవకాశం ఎక్కువ. వరలక్ష్మీ వ్రతం మరునాడు పూలమాలలను వేసేటప్పుడు దారం, జరీ, ప్లాస్టిక్ పూసలు తీసివేసి, పూలు మాత్రమే తడి చెత్తలో వేయండి. ఆయుధపూజ తరువాత ఈ నగర వీధుల్లో పగిలిన బూడిద గుమ్మడికాయలు, అరటి పిలకలు కుప్పలుగా పడి ఉంటాయి, బండ్లు వాటి మీద జారి పడతాయి కూడా. మీరు కొట్టిన గుమ్మడికాయ ముక్కలను మీరే ఏరి, పైసలు పక్కన తీసి, తడి చెత్తలో ఇవ్వండి.

ఆటోలో కలిపేస్తే

ఇంత చేసి ఇచ్చినా, ఆటోలో అన్నీ కలిపేస్తున్నారని మానేసేవారు ఉన్నారు. ముందుగా నిజంగా కలుపుతున్నారో లేదో చూడండి. చాలా ఆటోలలో తడి చెత్తకు ప్రధాన భాగం, పొడి చెత్తకు పక్కన వేలాడే గోనె సంచులు ఉంటాయి, దూరం నుంచి చూస్తే అంతా ఒకటే అనిపిస్తుంది. నిజంగానే కలుపుతుంటే ఆటో సిబ్బందితో తగవు పడకుండా, ఫొటో తీసి, వాహనం నంబరు, సమయం రాసి వార్డు అధికారికి ఫిర్యాదు చేయండి. వీధిలో అయిదారు ఇళ్లవారు కలిసి ఒకే ఫిర్యాదు ఇస్తే స్పందన త్వరగా వస్తుంది. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే అపార్టుమెంట్లకు కేంద్ర నియమాల ప్రకారం తడి చెత్తను తామే వీలైనంతవరకు శుద్ధి చేసుకునే బాధ్యత ఉంది గనుక, అక్కడ ఉండేవారు ఈ విషయాన్ని అసోసియేషన్ సమావేశంలోనే తేల్చుకోవాలి. ఏజెన్సీతో చేసుకునే ఒప్పందంలో పొడి చెత్త ఎక్కడికి చేరుతున్నదో నెలకొకసారి రసీదు ఇవ్వాలన్న షరతు రాయించుకోవాలి. ఫిర్యాదు తేలేవరకు పొడి చెత్తను ఆటోకు ఇవ్వకుండా ఇంట్లోనే ఉంచండి. కడిగి ఆరబెట్టిన సరుకు కుళ్లదు, వాసన రాదు, రెండు మూడు వారాలైనా సంచిలో నిలవ ఉంటుంది. ఆ తరువాత దాన్ని నేరుగా వార్డు కేంద్రానికి చేర్చవచ్చు.